నలభై ఒక్క మంది బతూల్‌లు

ఫెజ్,
షాబాన్ నెల ఐదో రోజు

నాన్నా,

నీ చేతులకి ముద్దులు. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి, మిదెల్త్‌లో మంచు కరిగిందా, ఈ మర్యాదలన్నీ చివర్లో అడుగుతాను. ముందు నా కడుపుమంట తీరనీ. మిల్లు మగ్గాలు నీ చెవులు తినేశాక నీతో పోట్లాడాలంటే నాకు కాగితమే గతి. ఇందులో ఒక లాభం ఉందిలే. కాగితం మీద నువ్వు మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి "చాల్లే తల్లీ" అనలేవు.

లల్లా బతూల్ దగ్గర పనికి చేరి రెండేళ్లు. ఆమె పెళ్లికూతుళ్లని ముస్తాబు చేస్తుందని నీకు తెలుసు గాని ఆ ఇల్లు ఎలా నడుస్తుందో ఎప్పుడూ చెప్పలేదు. ఎనభై కఫ్తాన్‌లు, పదకొండు కిరీటాలు, రెండు పల్లకీలు. ఫెజ్ పద్ధతిలో ముత్యాలు కుట్టిన ఫాసీ జత మాత్రం ఒక్కటంటే ఒక్కటి. ఒక్కో పెళ్లికూతురు ఒక్క పెళ్లిలో ఐదుసార్లు, ఏడుసార్లు బట్టలు మారుస్తుంది. ఏ కఫ్తాన్ ఏ శనివారం ఏ ఊళ్లో ఉండాలి, దానితో ఏ నడికట్టు వెళ్లాలి, ఎప్పుడు తిరిగి రావాలి, ఇదంతా చెప్పాల్సింది ఒక కంప్యూటర్. దాని సంగతి వింటే నువ్వు నవ్వుతావు. నాకు మాత్రం నవ్వు రావడం మానేసి ఏడాదయింది.

లల్లా మొగుడు లెక్కల మాస్టారు. పద్నాలుగేళ్ల కిందట ఆయన తన చేత్తో రాసిన ప్రోగ్రాం అది. ఆయన పోయి నాలుగేళ్లయింది. దాని లోపల ఏముందో తెలిసిన మనిషి ఇప్పుడు భూమ్మీద లేడు. పోయిన ఆగస్టులో వీధంతా కరెంటు పోయి అది ఆరిపోయింది. మళ్లీ లేవడానికి ఒక రోజంతా పట్టింది. లేచాక చూస్తే ఆ వారం పెళ్లిళ్లు మూడు దాని కడుపులోంచి మాయం! లల్లా కళ్లు మూసుకుని, వేళ్లు మడుచుకుంటూ, ఆ మూడు పెళ్లిళ్ల జాబితాలూ నోటికి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆమె జ్వరంతో పడుకుని ఉంటే ఏమయ్యేది? ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి దాన్ని ఆర్పడమే లేదు. వేడెక్కితే ఖద్దూజ్ పిన్ని, నగలు చూసుకునే పెద్దావిడ, పెళ్లికూతుళ్ల జుట్టు ఆరబెట్టే మిషనుని చల్లగాలి మీద పెట్టి దాని వీపుకి ఊదుతూ కూర్చుంటుంది. ముసలి మామగారికి విసిరినట్టు.

నేను ఊరికే కూర్చోలేదు నాన్నా. పగిలిన ఫోనులో వీడియోలు చూసి, ఫ్రెంచి సగమే అర్థమైనా ఆపి ఆపి, ఒక్కో ముక్క నేర్చుకున్నాను. పాత లాప్‌టాప్ ఒకటి కొన్నాను. ఎనిమిది నెలలు కష్టపడి కొత్త పద్ధతి తయారుచేశాను. ప్రతి కఫ్తాన్ లోపలి అస్తరుకి ఒక చిన్న గళ్ల చీటీ కుట్టాను. ఫోను దాని మీద పెడితే చాలు, అది ఎవరిది, ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు రావాలి అన్నీ వస్తాయి. రాసినదంతా ప్రతి సాయంత్రం వేరే చోట ఇంకో నకలుగా ఉంటుంది. కరెంటు పోయినా కొంప మునగదు. పోయిన వారం లల్లాకి చూపించాను. ఆమె అద్దాలు తుడుచుకుని, మొత్తం చూసింది.

"బాగుందే పిల్లా. ఇది మనకి కావలసిందే."

"మరి ఎప్పుడు మారుద్దాం?"

"రంజాన్‌కి చూద్దాం."

"పోయినేడూ రంజాన్‌కే అన్నారు."

"పోయినేడు నా మోకాలు కోశారు కదే!"

"కోసింది మీ మోకాలిని. కంప్యూటర్‌ని కాదు కదా."

ఖద్దూజ్ పిన్ని నగల పెట్టెలోంచి తలెత్తకుండా అంది: "ఆ చీటీ ఒకటి నీ నాలుకకి కూడా కుట్టుకోవే ఇంజినీరమ్మా. ఎక్కడ పారేసుకున్నావో వెతకడానికి పనికొస్తుంది." అందరూ పగలబడి నవ్వారు. లల్లా కూడా.

మొన్న శనివారం ఆ ముసలి డబ్బా ఒకే నడికట్టుని ఇద్దరు పెళ్లికూతుళ్లకి రాసింది. రెండో పెళ్లికూతురి తల్లి బాబ్ గీసా వీధిలో నిలబెట్టి నన్ను తిట్టింది. డబ్బాని ఎవరూ తిట్టరు నాన్నా. దాన్ని మోసేవాళ్లనే తిడతారు.

కాబట్టి నేనొక నిర్ణయానికి వచ్చాను. బుధవారం లల్లా మెక్నెస్ పెళ్లికి వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం దాకా రాదు. ఆ రెండు రోజుల్లో పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించేస్తాను. అడగను. అడిగితే రంజాన్ అంటుంది. తిరిగొచ్చాక పని జరుగుతుంటే చూసి ఒప్పుకుందా, ఉంటాను. తిట్టి పొమ్మందా, కాసాబ్లాంకాలో పెళ్లిబట్టలు అద్దెకిచ్చే పెద్ద కొట్టువాళ్లు ఇప్పటికి రెండుసార్లు రమ్మన్నారు, పోతాను. రంజాన్ కోసం ఎదురుచూస్తూ ముసలిదాన్ని కాలేను.

ఇప్పుడు మర్యాదలు. మోకాళ్లు ఎలా ఉన్నాయి? మంచు కరిగిందా?

నీ మొండి కూతురు,
షామా

ఫెజ్,
షాబాన్ పద్నాలుగు

నాన్నా,

ఈసారి ముద్దులు లేవు. ఒక ప్రశ్న ఉంది, చివర అడుగుతాను. అక్కడికి ముందే దూకకు. జరిగింది జరిగినట్టు చదువు.

బుధవారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. పాతదానిలోంచి ఒక్కో పెళ్లి తీసి కొత్తదానిలో పెట్టడం. పద్నాలుగేళ్ల చెత్త నాన్నా. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా, ఊరి పేరు ఉండాల్సిన చోట ఫోను నంబరు. కొత్త ఇంట్లోకి పాత దుమ్ము తీసుకెళ్లకూడదని ఊడ్చుకుంటూ పోయాను. ఆ ఊడ్పులో ఒక వింత కనిపించింది. పెళ్లికూతురి పేరు దగ్గర "బతూల్". ఇంటిపేరు లేదు, ఫోను నంబరు లేదు, అడ్వాన్సు గడిలో సున్నా. అలాంటివి నలభై ఒకటి. లల్లా తన పెళ్లి నలభై ఒక్కసార్లు చేసుకుందా? మాస్టారు ప్రోగ్రాం రాసేటప్పుడు పెళ్లాం పేరుతో పరీక్షించి చూసుకున్న ఉత్తుత్తి పెళ్లిళ్లు అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా, ముసలాయన ముచ్చట అని. నలభై ఒకటీ వదిలేశాను. వాటిలో ఒకదాని తేదీ వచ్చే శనివారం అని చూడలేదు. చూసి ఉంటే పోయినవాడు వచ్చే శనివారం పెళ్లి ఎలా రాస్తాడని ఆ మాత్రం బుర్రకి తట్టేది.

గురువారం అంతా గడియారంలా నడిచింది. శుక్రవారం ఉదయం తాజా అనే ఊరి నుంచి ఫోను. వాళ్ల ముస్తాబు ఆవిడ జ్వరంతో పడిందట, రేపే పెళ్లి, ఫాసీ ముత్యాల జతా పల్లకీ దొరుకుతాయా అని ఏడుస్తున్నారు. పాత రోజుల్లో అయితే వెతకడానికి గంట. నేను తెర చూసి ఒక్క నిమిషంలో "ఉంది, పంపిస్తాం" అన్నాను. రెండో పల్లకీకి అప్పటికే వేరే బేరం ఉంది. ఆ ఒక్క నిమిషం నా బతుకులో అన్నిటికంటే గొప్పదనిపించింది నాన్నా. పాత తెర మీద ముసుగు కప్పేశాను. ఆర్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు. సాయంత్రం వచ్చిన లల్లా అలసిపోయి తెర వైపు చూడకుండానే పడుకుంది. శనివారం తెల్లవారుతుండగా జత, పల్లకీ, ఇద్దరు ఆడవాళ్లు తాజా బండెక్కారు.

పదిన్నరకి మెట్ల మీద ఒక తల్లీ కూతురూ. కూతురి పేరు నుజ్‌హా. ఐన్ నొక్‌బీలో కుండల బట్టీ దగ్గర పనిచేసే వాడి కూతురు. తండ్రికి ఊపిరితిత్తులు పోయాయి, మంచం మీదే ఉన్నాడు. చేతులకి గోరింటాకు ఇంకా తడిగానే ఉంది. "లల్లా రమ్మన్నారు, ఇవాళ నా పెళ్లి" అంది. నేను తెర చూశాను. "నీ పేరు లేదమ్మా" అన్నాను. మొహం మీదే అనేశాను. తల్లి కూతురి వంక చూసింది. కూతురు నేలకేసి చూసింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. తిట్టి ఉంటే బాగుండేది.

లోపలి నుంచి లల్లా పరుగెత్తుకొచ్చింది, ఆ కోసిన మోకాలితో. "ఎక్కడికే తల్లీ, రండి, టీ తాగండి, మా పిల్లకి కొత్త" అని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి, తలుపు మూసి, గొంతు పెంచకుండా అడిగింది: "బతూల్‌లు ఏమయ్యారు?"

చెప్పాను. అరుస్తుందని చూశాను. ఆమె గోడకి ఆనుకుని, "అన్నీనా?" అంది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది నాన్నా. పెళ్లికూతురు ముస్తాబు ఇంటి గుమ్మం దాకా వచ్చి ఉత్త చేతుల్తో వెనక్కి పోకూడదు. అలా పోతే ఆ ఇంటికి మళ్లీ పెళ్లి రాదంటారు. లల్లా పైన జెల్లాబా అంగీ తొడుక్కుని, నా మణికట్టు పట్టుకుని బయల్దేరింది. ఎక్కడికో తెలుసా? బత్‌హాలో ఉండే హాజ్జా ఫత్తూమా ఇంటికి. ఇద్దరిదీ ఒకటే వ్యాపారం. పదకొండేళ్లుగా మాటల్లేవు.

హాజ్జా పైమెట్టు మీద నడుముకి చేతులు పెట్టుకుని నిలబడింది. "ఎవరే అదీ, బతూలా? పదకొండేళ్లకి మా మెట్లు గుర్తొచ్చాయా?"

"మెట్లు ఎప్పుడూ గుర్తే. మోకాళ్లే ఒప్పుకోవు."

"ఏం కావాలేం?"

"నీ ముత్యాల జత. నీ పల్లకి. ఇవాళ్టికే."

"నీది ఏమైంది? చిమ్మటలు తిన్నాయా?"

"నా లెక్క తప్పింది."

"నీ లెక్కా! మాస్టారి పెళ్లానివి, నీ లెక్క తప్పడమేమిటే? ఆయన వింటే సిగ్గుతో మళ్లీ చచ్చిపోతాడు."

తప్పు నాదని చెప్పబోయాను. లల్లా నా కాలి మీద కాలేసి తొక్కింది. గట్టిగా తొక్కింది నాన్నా, ఇప్పటికీ గోరు నల్లగా ఉంది.

హాజ్జా కాసేపు మమ్మల్ని అక్కడే నిలబెట్టి ఆనందించింది. తర్వాత, "ఒక షరతు. నీ ముత్యాలకంటే నా ముత్యాలు పెద్దవని ఆ పెళ్లిలో పదిమందికీ నీ నోటితో చెప్పాలి" అంది.

"చెబుతాలే. అబద్ధాలాడటం నాకేమన్నా కొత్తా?"

హాజ్జా ముందు నవ్వింది. తర్వాత ఇద్దరూ నవ్వారు, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. గంటలో పల్లకి నలుగురి భుజాల మీద సందుల్లోంచి "తప్పుకోండి, తప్పుకోండి" అని కేకలేసుకుంటూ వచ్చింది. నుజ్‌హా పెళ్లి జరిగింది. ముత్యాల జతలో ఆ పిల్ల నిలబడితే కుండల బట్టీ వీధి మొత్తం నోరు తెరుచుకు చూసింది.

మర్నాడు లల్లా చెప్పింది. ఇచ్చుకోలేని ఇంటి పిల్లలు వచ్చినప్పుడు ఆమె వాళ్లని తన పేరు మీద రాసుకుంటుంది. పనివాళ్లతో "మా చుట్టాల పిల్ల" అంటుంది. ఊరికే ఇస్తున్నారని తెలిస్తే మావాళ్లు మాసిన నడికట్టు అంటగడతారు, మెరుపు పోయిన కిరీటం పెడతారు, పెళ్లికూతురు ఇల్లు చేరేలోపు కబురు వీధి చేరుతుంది. యజమానురాలి చుట్టమంటే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని ముస్తాబు చేస్తారు. నలభై ఒక్కమందినీ ఆమె అలా దాచింది. ఆ డబ్బాలో.

నేను ఆ ముసుగు తీసి పాత జాబితా మళ్లీ తెరిచాను, పోగొట్టినవి తిరిగి ఎక్కిద్దామని. ఒకటి, రెండు, మూడు. పందొమ్మిదోది ఆరేళ్ల కిందటి జూలై. ఏడు జతలు. ఊరు: మిదెల్త్.

ఆ జూలైలో మిదెల్త్‌లో ఏడు జతల పెళ్లి ఎవరిదో నాకు తెలుసు. మన యమ్నా అక్కది. అప్పుడు నాకు పదహారేళ్లు. ముస్తాబు చేసే ఆవిడ అక్క భుజం ముద్దుపెట్టుకుని "మా లల్లా పిల్లవి కదమ్మా" అనడం నాకు గుర్తుంది. ఫెజ్ వాళ్ల మర్యాద అనుకున్నాను.

ఇదీ ప్రశ్న. నీకు తెలుసా? నువ్వు నీ రిపేరు కొట్లోని రెండు కుట్టుమిషన్లు అమ్మి అక్కకి ఏడు జతలు కట్టించానన్నావు. ఆ మాట నేను ఖద్దూజ్ పిన్ని ముందు ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో! "మా నాన్న ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు" అని. ఆవిడ ప్రతిసారీ తలూపి ముత్యాలు తుడుచుకునేది. ఆవిడకి తెలుసు. అందరికీ తెలుసు, నాకు తప్ప. ఈ ఉద్యోగం కూడా నువ్వు అడుక్కున్నదేనా? ఆ ఇంట్లో రెండేళ్లు ముక్కు పైకెత్తుకుని తిరిగాను. లల్లాని మొహం మీదే నానా మాటలూ అన్నాను. మనం కట్టుకున్న బట్ట ఆమెదని తెలియకుండా.

లల్లా నన్ను పొమ్మనలేదు. నేనే పోతున్నాను. రంజాన్ నెలవంక కనిపించేలోపు కాసాబ్లాంకా బస్సెక్కుతాను. పోయేముందు నీ జవాబు కావాలి. "చాల్లే తల్లీ" అని రాస్తే చింపేస్తాను.

షామా

మిదెల్త్,
షాబాన్ ఇరవై

తల్లీ షామా,

నీ ఉత్తరం దారిలో వానకి తడిసి వచ్చింది. అయినా నీ అరుపులు చెరగలేదు. చెవుల్లేని వాడికి కూడా వినపడ్డాయి.

తెలుసు. నేనే వెళ్లి అడిగాను.

రెండు మిషన్లు అమ్మడం నిజం. ఒకటి అతిథుల భోజనానికి పోయింది. ఇంకొకటి మీ అమ్మ మందులకి పోయింది, ఆ ఏడాదే కదా ఆమె పోయింది. బట్టలకి ఏమీ మిగల్లేదు. ఫెజ్ వెళ్లి లల్లా బతూల్‌ని రెండు జతలు అడిగాను. ఆమె ఏడు రాసింది. నాకు కోపం వచ్చింది. రెండు అడిగిన వాడికి ఏడు ఇస్తే కోపం వస్తుంది, నీకు తెలుస్తుందిలే, నా కూతురివి. ఆ చలికాలం పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్లి, పిలవకుండా ఆమె కుట్టుమిషన్లన్నీ మూడు రోజులు కూర్చుని బాగుచేశాను. మూడో రోజు ఆమె "ద్రిస్, నేనిచ్చింది విప్పి బిగించడానికి మిషను కాదయ్యా. టీ తాగి ఇంటికి వెళ్లు" అంది. తాగాను. చక్కెర మరీ ఎక్కువైంది. నా కోపం పోవడానికి ఏడాది పట్టింది. నువ్వు పదిహేను రోజుల్లోనే బస్సెక్కుతానంటున్నావు. తొందర పిల్లవి.

మీకు అబద్ధం చెప్పడం తప్పే. యమ్నా తన అత్తవారింట్లో తలెత్తుకుని నిలబడాలని చెప్పాను. తర్వాత దిద్దుకునే ధైర్యం రాలేదు.

నీ ఉద్యోగం నేను అడగలేదు. ఒట్టు. నువ్వు మన ఇంటి పిల్లవని ఆమెకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. అది నీ చేతుల వల్ల వచ్చింది.

పాత మిషను విప్పావని నిన్ను తప్పు పట్టను. ఆగస్టులో అది చచ్చి బతికినప్పుడే విప్పాల్సింది. కాని నేను ఏ మిషను విప్పినా ముందు సూది పైకెత్తుతాను. కింద ఉన్న గుడ్డ బయటికి తీస్తాను. ఆ గుడ్డ ఎవరిదో అడుగుతాను. నువ్వు గుడ్డ ఉండగానే విప్పావు. అదీ నీ తప్పు, అంతే. దాని కోసం ఊరు మారనక్కర్లేదు.

ఇంకొక మాట. ఆ పెళ్లికూతురి పేరు, వీధి, తండ్రి జబ్బు నాకెందుకు రాశావు? నా కొట్టు బల్ల మీద ఉత్తరం పడి ఉంటే వచ్చినవాడల్లా చదువుతాడు. ఆ పేరు కనిపించిన ప్రతిచోటా సిరా పూశాను. లల్లా నలభై ఒక్కమందిని ఇన్నేళ్లు దాచింది. నువ్వు ఒక్కదాన్ని ఐదు రోజులు దాచలేకపోయావు.

పోవాలనుకుంటే పో. కోపంతో ఎక్కిన బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయట ఏమీ కనపడదు. ఆ సంగతి నేను చిన్నప్పుడే చూశాను.

మోకాళ్లు బాగానే ఉన్నాయి. మంచు కరగలేదు.

మీ నాన్న,
ద్రిస్

ఫెజ్,
షవ్వాల్ తొమ్మిది

నా ప్రియమైన నాన్నకి,

రెండు చేతులకీ, నుదుటికీ ముద్దులు. రంజాన్ పండగ ఎలా జరిగింది? యమ్నా అక్క వచ్చిందట కదా. నీ ఉత్తరం నేను మూడుసార్లు చింపబోయాను. మూడుసార్లూ "చక్కెర మరీ ఎక్కువైంది" దగ్గర ఆగిపోయాను. లల్లా టీ ఇప్పటికీ అంతే నాన్నా, పాకం.

బస్సెక్కలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు లల్లా ముందు కూర్చుని అడిగాను, నేను ఎవరి కూతురినో మీకు తెలుసా అని.

"నీ కనుబొమ్మలు చూసిన రోజే తెలుసు" అంది. "ఇచ్చింది పుచ్చుకోవడానికి అంత కోపంగా చూసిన కనుబొమ్మలు ఈ దేశంలో ఒక్క మనిషికే ఉన్నాయి. అయినా నిన్ను పెట్టుకున్నది అందుకు కాదే. మొదటి రోజే ఆ డబ్బా వెనక వైర్లు చూసి నా ఇంటిని తిట్టావు చూడు, అందుకు."

"మరి ఎందుకు ఆపారు నన్ను ఇన్నాళ్లు?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "కొత్తది అందరి ఫోన్లకీ అన్నీ చూపిస్తుందన్నావు కదా. అందరికీ అన్నీ కనిపిస్తే నా పిల్లలు ఎక్కడ దాక్కుంటారు? ఆ సంగతి నీకు చెబితే రహస్యం చెప్పినట్టు. చెప్పకపోతే నువ్వు మారుస్తానని నా ప్రాణం తీస్తావు. అందుకని రంజాన్, రంజాన్ అంటూ వచ్చాను. నిజంగానే రంజాన్‌లో పెళ్లిళ్లుండవు, మార్చాలంటే అదే నెల. కాని ఆగస్టులో అది చచ్చి లేచినప్పుడే నిన్ను కూర్చోబెట్టి చెప్పాల్సింది. నేను భయపడ్డాను. నువ్వు తొందరపడ్డావు. ఇద్దరం కలిసి ఒక పిల్లని గుమ్మంలో నిలబెట్టాం."

ఆమె "ఇద్దరం" అన్నందుకు నాకు ఏడుపొచ్చింది నాన్నా. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

రంజాన్ మొదటి రోజు నుంచి పని మొదలుపెట్టాం. ఈసారి ఊడ్పు లేదు. అర్థం కాని ప్రతి గీత దగ్గరా ఆగి, ఇది ఏమిటని అడిగాను. సగం గీతలకి కథలున్నాయి. ఊరి పేరు ఉండాల్సిన చోట ఫోను నంబరు ఎందుకుందంటే ఆ ఊళ్లో ఒకే ఒక్క ఫోను ఉండేదట, అందరికీ తెలుసట! పోయిన ఏడాది పెళ్లిళ్లన్నీ వరసగా మళ్లీ చేశాం, ఉత్తుత్తిగా. పాతదానిలో ఒకళ్లు, కొత్తదానిలో ఒకళ్లు. ఖద్దూజ్ పిన్ని ప్రతిసారీ పెళ్లికూతురి తల్లి వేషం వేసేది. "నా కూతురికి ఆకుపచ్చ కఫ్తానే కావాలి, లేకపోతే బావిలో దూకుతాను" అని ఆవిడ ఉపవాసంతో ఎండిన నోటితోనే గోల పెడుతుంటే పనివాళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు. ఆవిడ నా కొత్త పద్ధతిలో పదకొండు తప్పులు పట్టింది. పదకొండు! ఆదివారం తిరిగొచ్చిన ముత్యాల జత సోమవారమే ఇంకొకరికి ఖాళీ అని నా తెర చూపిస్తోంది. "ముత్యాలకి గాలి తగలాలే ఇంజినీరమ్మా, ఒక రోజు. లేకపోతే దారం చెమటకి కుళ్లుతుంది. నీ వీడియోలో చెప్పలేదా?" అంది. ఇంకోసారి పండగ మూడో రోజు పెళ్లి అని రాస్తే నా తెర ఒక తేదీ వేసింది. పిన్ని మెటికలు విరిచింది: "చంద్రుణ్ణి అడిగావా? ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం ఆయన కనిపిస్తే ఒక రోజు, కనిపించకపోతే ఇంకో రోజు. నీ డబ్బా ఆయనకి ముందే ఉత్తరం రాసిందా ఏం?" సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు పండగ పెళ్లిళ్లకి రెండు తేదీలూ పట్టి ఉంచుతుంది, నెలవంక కనిపించాక ఒకటి వదిలేస్తుంది. మంచిదే అయింది. ఈసారి నెల ముప్ఫై నిండింది.

ఇక బతూల్‌ల సంగతి. దీని మీద వారం పోట్లాడుకున్నాం. వాళ్లకి వేరే తాళం వేద్దామన్నాను. "తాళం ఉంటే లోపల ఏదో ఉందని తెలుస్తుంది" అంది లల్లా. నిజమే. చివరికి తోచింది నాకే, దీపాలు పెట్టే వేళ ఉపవాసం విడిచి హరీరా సూపు తాగుతూ ఉంటే. ఒక్కరిని దాచడం కష్టం. అందరినీ దాస్తే? ఇప్పుడు మా ఇంట్లో పనివాళ్ల ఫోన్లలో ఏ పెళ్లికూతురికీ పేరు లేదు, ఎవరు ఎంత ఇచ్చారన్న గడి లేదు. మంత్రిగారి మనవరాలైనా సరే, బట్టీ కూలీ పిల్లైనా సరే, ప్రతి పెళ్లికూతురూ బతూల్. పక్కన ఒక అంకె, ఊరు, రోజు, జతలు. అంతే. అసలు పేరు లల్లా దగ్గర మాత్రమే తెరుచుకుంటుంది. పిన్ని తల బాదుకుంటోంది: "ఈ శనివారం ముగ్గురు బతూల్‌లు, ఆదివారం నలుగురు. అందరూ లల్లా మేనకోడళ్లేనట! ఇంక మాసిన నడికట్టు ఎవరికి ఇవ్వనే నేను?" అని. చివరికి మాసిన నడికట్లు రెండూ తనే బయటికి తీసి పారేసింది.

ఆవిడని ఒక రోజు అడిగాను, మా అక్క సంగతి తెలుసు కదా పిన్నీ అని. ముత్యాలు తుడుస్తూనే అంది: "నాకేం తెలుసు? నాకేమీ తెలియదు. నువ్వు మీ నాన్న గురించి గొప్పలు చెప్పేటప్పుడు మాత్రం నీ మొహం బాగుండేది. పాడుచెయ్యడమెందుకులే అని."

పండగ మూడో రోజు నుంచి పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఇప్పటికి తొమ్మిది. ఒక్క తప్పూ జరగలేదు అని రాస్తే అబద్ధం. ఒక కిరీటం రెండు గంటలు ఆలస్యమైంది, అది బండివాడి తప్పు. వేసవి చివరిదాకా పాతదీ కొత్తదీ రెండూ నడుపుతాం. కాసాబ్లాంకా వాళ్లు మూడోసారి కబురు పెట్టారు. రానన్నాను.

నిన్న మధ్యాహ్నం లల్లా నన్ను పిలిచి, అసలు పేర్లు తెరిచే తన తాళం నా ఫోనులో కూడా పెట్టమంది. "నాకు కళ్లు తగ్గుతున్నాయి. ఇకనుంచి ఇచ్చుకోలేని పిల్లల పేర్లు ఏడాదికి రెండు నువ్వు రాయి. ఎవరివి రాయాలో నన్ను అడగకు. నాకు చెప్పకు" అంది. నేను నోరు తెరవబోతే, "వద్దన్నానా?" అని నా కాలి వైపు చూసింది. వెంటనే కాలు వెనక్కి లాక్కున్నాను.

ఈ పొద్దున ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. వాళ్ల అన్న పక్కన నిలబడి, రెండు జతలు చాలని, ఇంకేమీ వద్దని, నేలకేసి చూస్తూ చెప్పాడు. నాలాగే కోపిష్టివాడిలా ఉన్నాడు. టీ ఇచ్చాను. చక్కెర తగ్గించి ఇచ్చాను. వాళ్లు వెళ్లాక కూర్చుని, ఏడు జతలు రాశాను.

ఎవరని అడగకు నాన్నా. నీకు కూడా చెప్పను.

నీ కూతురు,
షామా